నాలుగు నోట్సులు, ఒక పుస్తకం

మర్నాడు పొద్దున్నే ఎకనామెట్రిక్స్ పరీక్ష. ఇప్పటికి రెండుసార్లు తప్పింది వదిన. ఇదే ఆఖరి అవకాశం. ఈసారీ పోతే పీజీ పట్టా మీద ఆశ వదులుకోవాల్సిందే. మంచం నిండా ఓ లావుపాటి పుస్తకం, నలుగురు సీనియర్లు ఇచ్చిన జిరాక్సు నోట్సులు పరుచుకుని, మధ్యలో దిక్కుతోచక కూర్చుంది.

చిక్కంతా ఒక్క ప్రశ్న దగ్గర. జీతం మీద చదువు ప్రభావం ఎంతో తేల్చేటప్పుడు మనిషి తెలివిని లెక్కలోకి తీసుకోకుండా వదిలేస్తే, ఆ ప్రభావం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుందా, తక్కువగానా? పుస్తకం ఎక్కువంది. నాలుగు నోట్సులూ తక్కువన్నాయి. ఏటా అడిగే ప్రశ్నాయె.

"నలుగురు చెప్పాక ఇంకా అనుమానమేంటొదినా?" అంది గుమ్మంలోంచి ఆడపడుచు. "మా అన్నయ్య మాటే నమ్మవు, పాపం ఆ సీనియర్లెంత!"

"ఊరుకోవే తల్లీ! అసలే బుర్ర వేడెక్కిపోయింది. ఇలా వచ్చి వీటిని కాస్త సర్దు."

ఆడపడుచు నోట్సుల్ని ఆ పేజీ దగ్గరే తెరిచి పక్కపక్కన పెట్టింది. కాసేపు తేరిపార చూసింది.

"ఇదేంటి, లెక్కలో మూడో మెట్టయ్యాక అందరూ అయిదోదానికి గెంతారు? నాలుగోదాన్ని ఎలకలు కొట్టేశాయా?"

వదిన లాక్కుని చూసింది. నిజమే. చేతిరాతలు నాలుగు, గెంతు ఒక్కటే. ఎవరో ఒకరు రాసింది మిగతావాళ్లు ఉన్నదున్నట్టు దించేసుకున్నారు.

"అయితే చెప్పింది నలుగురు కాదే. ఒక్కరే."

"ఇంకేం, పుస్తకమే రైటు!"

"అదెలా? ఇప్పుడు ఒకటికి ఒకటి. అచ్చులో తప్పులుండవా?"

ఇందాకటిదాకా ఒక తికమక, ఇప్పుడు ఇంకోటి. ఆఖరికి తెల్లకాగితం ముందేసుకుంది. తెలివుంటే జీతం పెరుగుతుంది. తెలివైనవాళ్లే ఎక్కువ చదువుతారు. మరి తెలివిని వదిలేస్తే, అది తెచ్చిన జీతం కూడా చదువు ఖాతాలోనే పడుతుంది కదా! 'ఎక్కువ' అని రాసి, కలం ఆపేసింది. ఇది తనకే తట్టిందా, పొద్దుట్నుంచీ పుస్తకం చూసి చూసి చెయ్యి అటే పోయిందా?

పుస్తకం మూసి, నోట్సులతో సహా ఆడపడుచు చేతుల్లో పెట్టింది.

"పట్టుకుపో. నేనడిగినా ఇవ్వకు."

"రేపు పరీక్ష పెట్టుకుని ఇదేం పిచ్చి?"

"రేపు హాల్లో ఇవేవీ ఉండవుగా!"

వదిన కొత్త కాగితం తీసుకుని మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టింది.