ఫిల్టర్ బోల్టు

షుగరు కళ్లకెక్కి కేశవకు చూపు మసకబారాక, అతని పాత డీజిల్ పికప్‌ను భార్య మునిలక్ష్మి నడపసాగింది. నేర్పింది కేశవే. లక్కూరు చుట్టుపక్కల తోటల్లో కూరగాయలు ఎత్తుకుని తెల్లారేసరికి ఆమె మాలూరు మార్కెట్టు చేరాలి. మొదట్లో ఏ ఇబ్బందీ లేదు. ఆమె చెయ్యి కుదురుకున్నాకే బండి మొండికేయడం మొదలుపెట్టింది.

తెల్లవారుజామున సెల్ఫ్ ఎంత కొట్టినా ఇంజను అందుకునేది కాదు. అందుకున్నా ఊగిపోతూ, తెల్లటి పొగ కక్కి, స్లోలో నిలబడలేక ఆగిపోయేది.

"ఇదో, ఒకసారి రాండి" అని ఆమె లోపలికి కేకేసేది. కేశవ గోడ పట్టుకుని వచ్చి, బానెట్ కింద తడుముకుంటూ స్పానరు తిప్పి, డీజిల్ ఎక్కించే చేతిపంపు నొక్కి, "ఇప్పుడు కొట్టు" అనేవాడు. బండి లేచేది. ఒకసారి వేడెక్కిందంటే ఇక సాయంత్రం దాకా ఏ జబ్బూ లేదు. మాలూరులో ఇద్దరు మెకానిక్కులు చూసి ఏమీ లేదని పంపేశారు.

"నేనుండాను గదా, వాళ్లతో నీకేం పని?" అన్నాడు కేశవ.

మాఘంలో ఒక తెల్లవారుజామున అతని తల్లి సొన్నమ్మ పాలు పితుకుతూ గుండె పట్టుకుని పడిపోయింది. అంబులెన్సు కోలారు నుంచి రావాలన్నారు. మునిలక్ష్మి అత్తను పికప్‌లో పడుకోబెట్టి సెల్ఫ్ కొట్టింది. లేవలేదు. కేశవ తడబడుతూ పరుగెత్తి వచ్చాడు. కంగారులో, బిగించబోయిన బోల్టు ఊడి కింద పడింది. ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని మట్టిలో వెతికారు. ఆస్పత్రి చేరేసరికి ముసలామె ఒళ్లు చల్లబడిపోయింది. కొంచెం ముందు తెచ్చుంటే బాగుండేదన్నాడు డాక్టరు.

కర్మాంతరం అయ్యాక కొన్నాళ్లు బండి ఒక్క సెల్ఫ్‌కే లేచింది. నెల తిరగకముందే మళ్లీ పాత కథ మొదలైంది.

ఈసారి మునిలక్ష్మి భర్త మాట వినలేదు. ఆమె చెల్లెలు శశికళ చాంపియన్ రీఫ్స్‌లో కాపురం ఉంటుంది. వాళ్లకు తెలిసిన మునీంద్రకు పక్కనే రాబర్ట్‌సన్‌పేటలో మెకానిక్ షెడ్డు ఉంది. బండిని అక్కడికి తోలుకుపోయింది. మునీంద్ర బ్యాటరీ చూశాడు, హీటర్ ప్లగ్గులు విప్పి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి.

"వేడి మీద రోగం కనబడదక్కా. ఈడనే ఇడిసిపో. పొద్దున చల్లగా ఉన్నప్పుడు నువ్వే స్టార్ట్ చెయ్యి."

మర్నాడు చెల్లెలింటి నుంచి చలిలో వణుకుతూ వచ్చి ఆమె తాళం తిప్పింది. ఇంజను వెంటనే లేచింది. స్లోలో వదిలేసినా స్టీరింగు కూడా ఊగలేదు.

మునీంద్ర బానెట్ ఎత్తి టార్చి వేశాడు. "ఇదో, డీజిల్ ఫిల్టర్‌కొచ్చే పైపు బోల్టు. దీన్ని రవ్వంత లూజు చేస్తే చాలు. గాలి పట్టి, డీజిల్ వెనక్కి దిగిపోతాది. పొద్దున లేవదు. తలంతా చూడు, స్పానరు గీతలే. అన్నీ కొత్తవి."

"మా ఇంటాయన బిగిస్తా ఉంటాడన్నా."

"బిగించేది సరే. విప్పేదెవురక్కా?"

మునిలక్ష్మి బానెట్ మూసింది. ఇంట్లో స్పానరు ఒకటే ఉంది. అది కేశవ మంచం కింద ఉంటుంది.

ఇల్లు చేరి, బండి దిగి, నేరుగా అతని ముందు నిలబడింది. "దినామూ ఆ బోల్టు విప్పేది మీరేనా?"

కేశవ మంచం పట్టీ తడుముకుంటూ కూర్చున్నాడు. "నువ్వు పిల్చకుండా పోతా ఉంటే నాకు దిగులైతా ఉండె" అన్నాడు. "ఈ ఇంట్లో నాతో ఇంగేం పని ఉండాది?"

"అత్త పడిపోయిన దినం?"

"ముందు రాత్రే విప్పేసినాను. అమ్మకట్లయితాదని నాకెట్ల తెలుసు?" అతను ఏడ్చాడు. "ఎవురికీ చెప్పొద్దు, లక్ష్మీ."

"తెలీక ఒకతూరి చేసినారు, సరే. ఆమె పోయినంక మళ్లీ ఎట్ల చేతులొచ్చె మీకు?"

ఆ రోజే ఆమె బానెట్‌కు గొలుసు కట్టి తాళం వేసింది. ఇంట్లో వండి పెట్టేది గాని, అతన్ని దేనికీ పిలిచేది కాదు.

సంవత్సరీకానికి బంధువులంతా వచ్చారు. భోజనాల దగ్గర కేశవ చిన్నాన్న గుండప్ప బండిని తిట్టాడు. "ఆ పాడు బండే మా వదినమ్మను తినేసింది. ఇంగా ఎందుకురా అది? అమ్మిపారెయ్."

"అవును చిన్నాయనా, అమ్మేస్తాము" అన్నాడు కేశవ తల వంచుకుని. పక్కనున్నవాళ్లు పాపం అన్నట్టు అతని వీపు నిమిరారు.

మునిలక్ష్మి సాంబారు బకెట్టు కింద పెట్టింది.

"బండి అమ్మేది లేదు మామా" అంది అందరికీ వినబడేట్టు. "బండిలో ఏ తప్పూ లేదు. కావాలంటే ఆయన్నే అడగండి."

గుండప్ప కేశవ వైపు తిరిగాడు. కేశవ విస్తరి ముందునుంచి లేచి, తలుపు చట్రం తడుముకుంటూ పెరట్లోకి పోయాడు. అతని వెనక ఎవరూ పోలేదు. మునిలక్ష్మి బకెట్టు ఎత్తుకుని తర్వాతి విస్తరి దగ్గరికి నడిచింది.