మూడు షిఫ్టుల గుండె

ఆ గీతలు చూసిన మరుక్షణం కుర్చీలోంచి లేచి, తలుపు గడియ పెట్టుకుని, గదిలో ఒక్కదాన్నే గంతులు వేశాను. నలభై దాటిన గుండె డాక్టరు గంతులు వేయవచ్చా అంటే, ఆరేళ్ళు పరిశోధన చేసి ఏమీ దొరకని డాక్టరు నిక్షేపంగా వేయవచ్చు.

నా పేరు రాజకుమారి. పుట్టింది పెద్దపల్లి, కొలువు గోదావరిఖనిలో. ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల్లో డంపర్ లారీలు నడిపేవాళ్ళ గుండె, రక్తనాళాలు షిఫ్టులు మారడం వల్ల ఎలా దెబ్బతింటాయన్నది నా పరిశోధన. ఆరేళ్ళలో నేను కనిపెట్టిన మహా సత్యం ఏమిటంటే, నిద్ర చాలకపోతే బీపీ పెరుగుతుందని. హైదరాబాదు నుంచి ఈ పని చూసే రఘుపతి సారు నా వ్యాసం చదివి, "ఈ ముక్క మా అమ్మ కూడా చెబుతుందమ్మా" అన్నారు. శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. ఆలోగా కొత్తదేదైనా చూపించకపోతే పరిశోధన మూసేస్తారు. ఇక గ్యాస్ నొప్పితో పరుగెత్తుకొచ్చేవాళ్ళను ఓదార్చుకుంటూ రిటైరు కావలసిందే.

అలాంటి వారంలో, పోశం అనే డంపర్ డ్రైవర్‌కు కట్టి పంపిన మిషన్ తిరిగి వచ్చింది. మిషన్ అంటే మెడలో వేలాడేసుకునే చిన్న పెట్టె. దాని తీగల్ని ఛాతీకి బిళ్ళలతో అంటిస్తే, పగలూ రాత్రీ గుండె కొట్టుకున్న ప్రతిసారీ గీత గీస్తుంది. మా ఎండలకు చెమటపట్టి బిళ్ళలు ఊడిపోతాయి కనుక అదనంగా ఓ గుప్పెడు ఇచ్చి, ఏ తీగ ఎక్కడ పెట్టాలో నేర్పి పంపిస్తాను.

"ఇరవై నాలుగు గంటలు మిషన్ ఆగద్దు పోశం అన్నా" అని మరీ మరీ చెప్పాను.

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం. డ్యూటీల మిషన్ ఆపిన మనిషిని గాను" అన్నాడు పోశం.

ఆపలేదు. పొద్దుటి షిఫ్టంతా గుండె హడావిడిగా, అక్కడక్కడ తడబడుతూ కొట్టుకుంది. మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు కాసేపు పిచ్చిగీతలు. ఆ తరువాత అదే గుండె పాతికేళ్ళ కుర్రాడిదిలా హాయిగా నడిచింది. రాత్రి షిఫ్టు వేళకు మళ్ళీ పిచ్చిగీతలు. ఇక తెల్లవార్లూ నిదానం, మరీ నిదానం, మధ్యమధ్య నాలుగేసి సెకన్లు అసలు కొట్టుకోవడమే లేదు. అంటే షిఫ్టు మారినప్పుడల్లా గుండె తన స్వభావమే మార్చుకుంటోంది! ఇది ఏ పుస్తకంలోనూ లేదు. ఆ పిచ్చిగీతలకు "పరివర్తన దశ" అని నామకరణం కూడా చేసేశాను. జబ్బుకు ఊరి పేరు పెట్టాలా, నా పేరు పెట్టాలా అని కాసేపు తర్జనభర్జన పడ్డాను. వినయం ఓడిపోయింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు స్టాఫందరికీ జిలేబీలు తెప్పించాను.

సారుకు ఫోన్ చేసి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన అంతా విని, "గుండె అన్ని సెకన్లు ఆగే మనిషి డంపర్ నడుపుతున్నాడా?" అన్నారు.

నా గంతులు అక్కడ ఆగాయి. ఆ గీతల కింద ఒక మనిషి ఉన్నాడన్న సంగతే మరిచిపోయాను. జిలేబీ చేతులతోనే కారెక్కి గని కార్మికుల క్వార్టర్లకు పరుగెత్తాను.

పోశం వాకిట్లో మంచం మీద కూర్చుని, తోటి డ్రైవర్ నజీర్‌తో చాయ్ తాగుతున్నాడు. గడప దగ్గర పోశం భార్య మల్లక్క చింతచిగురు ఏరుతోంది.

"పోశం అన్నా, ఇయ్యాల్టి సంది డంపర్ ఎక్కద్దు. రాత్రిపూట నీ గుండె ఆగుతున్నది."

పోశం నింపాదిగా గ్లాసు కింద పెట్టాడు. "రాత్రి మిషన్ నా దగ్గర యాడిది మేడం?"

"అంటే?"

"ఇరవై నాలుగు గంటలు ఆగద్దని మీరే అంటిరి. నా డ్యూటీ ఎనిమిది గంటలే గద. షిఫ్టు కాంగనే రిలీవర్‌కు అప్పజెప్పిన."

రిలీవర్ నజీర్ గర్వంగా చెయ్యెత్తాడు. "బిళ్ళలు మీరు చెప్పినట్టే అంటించుకున్న మేడం. మంచిగనే నడిపిన. ఏం రిపేరు రాలే గద?"

తప్పు వాళ్ళది కాదు. ఈ ఊళ్ళో డంపర్ ఇంజను చల్లారదు, ఒకరు దిగుతుంటే ఇంకొకరు ఎక్కుతారు. రాత్రింబవళ్ళు నడవాల్సిన మిషన్ అంటే ముగ్గురు మనుషులని పసిపిల్లలకు కూడా తెలుసు. నా పరివర్తన దశ ఏమిటయ్యా అంటే, పోశం ఛాతీ మీది తీగలు పీకి నజీర్ ఛాతీకి తగిలించడం! నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేక మంచం పట్టె మీద కూలబడి కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వాను. నా పేరు పెట్టుకున్న జబ్బు జిలేబీలు అరగకముందే పోయింది. వాళ్ళిద్దరూ కూడా ఎందుకో తెలియకుండానే నవ్వారు.

నవ్వుతూ నవ్వుతూ ఉలిక్కిపడ్డాను. "మరి రాత్రి షిఫ్టు ఎవలు?"

"ఎల్లేశం రావాలె. నాగా పెట్టిండు" అన్నాడు నజీర్. "అందుకే మిషన్ తెచ్చి ఈడ ఇచ్చి పోయిన."

"నేను మల్ల కట్టుకుంటే డబుల్ డ్యూటీ అయితది. ఓటీ ఎవలిస్తరు?" అన్నాడు పోశం. "గందుకే బదిలీ మనిషిని పెట్టిన." అని గడప వైపు చూశాడు.

మల్లక్క చిగురు ఏరడం ఆపింది. "మిషన్ ఊకెనే ఉంటే మీకు నష్టమాయె గదా అని నేనే కట్టుకుని పండుకున్న. తప్పాయెనా డాక్టరమ్మా?"

నేను వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకున్నాను. నాడి ఒకసారి కొట్టుకున్నాక మళ్ళీ ఎప్పుడు కొట్టుకుంటుందా అని భయపడేంత వ్యవధి దొరికింది. నా పరిశోధనలో డ్యూటీ ఉన్నవాళ్ళకే చోటు. మూడు షిఫ్టులకూ టిఫిన్లు కట్టేవాళ్ళను అందులో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

"మల్లక్కా, కండ్లు తిరుగుతయా నీకు?"

ఆమె నోరు తెరిచేలోగా పోశమే అందుకున్నాడు. "దానికి ఎప్పటికుండేదే మేడం. అన్నీ నకరాలు. పనికాడికొస్తె కండ్లు తిరుగుతయి."

"నకరాలు గావు అన్నా. ఆగుతున్నది నీ గుండె గాదు, ఆమె గుండె. పేస్‌మేకర్ పెట్టాలె. ఇయ్యాల్నే కరీంనగర్ పోవాలె."

పోశం ముఖంలో నెత్తురు చుక్క లేదు. మల్లక్క బోరుమంటుందని నేను ఓదార్పు మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆమె ఒడిలోని చింతచిగురంతా కింద పడేలా లేచి నిలబడింది.

"ఏమంటివి? ఇంకొకపారి అను."

"నీ గుండె ఆగుతున్నది మల్లక్కా. అందుకే కండ్లు తిరుగుతున్నయి."

"ఓ పూలమ్మా! జల్ది రా!" అని పక్కింటి వైపు కేక పెట్టింది. "నావి నకరాలు గావట! నా గుండె నిజంగనే ఆగుతున్నదట! మిషన్ల వడ్డది!"

"కూసో అక్కా, గంతులెయ్యకు" అని నేను బతిమాలుతున్నాను. ఆమె నవ్వుతోంది, ఏడుస్తోంది, పరుగెత్తుకొచ్చిన పూలమ్మ చేతులు పట్టుకుని ఊపుతోంది. తన జబ్బు నిజమని తెలిసి ఒక మనిషి ఇంత సంబరపడుతోందంటే, ఎన్నేళ్ళు అబద్ధమనిపించుకుని ఉండాలి!

అంబులెన్సు వచ్చింది. లోపల ఈసీజీ తీస్తే అది కూడా అదే మాట చెప్పింది. పోశం ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కి, కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"నన్ను తిట్టరాదే" అన్నాడు చిన్నగా.

"తిడ్త. ఇది బాగు గానీ, తీరుబాటుగ తిడ్త."

దారిలో సారు ఫోన్ చేశారు. సైరను మోతలో వినబడక స్పీకర్ పెట్టాను. "మనిషి దొరికాడా?" అన్నారు.

"దొరికింది సార్. కానీ కొత్త జబ్బేమీ లేదు. మూడు షిఫ్టులు, ముగ్గురు మనుషులు." జరిగిందంతా చెప్పాను. ఆరేళ్ళ పరిశోధన అంబులెన్సులోనే ప్రాణం విడిచిందనుకున్నాను.

"ఆ క్వార్టర్లలో ఈమెలాంటి ఆడవాళ్ళు ఎంతమంది ఉంటారు?" అన్నారు సారు.

"తెలియదు సార్. ఎవరూ చూడలేదు."

"నన్నడుగుండ్రి సారూ" అంది మల్లక్క స్ట్రెచర్ మీది నుంచి. "మా పక్కింటి పూలమ్మకు కండ్లు తిరుగుతయి. ఎండకు అంటరు. కుబ్రా బేగంకు ఆయాసం. లావున్నవు, తిండి తగ్గియ్యి అంటరు. ఎల్లేశం పెండ్లానికి ఎడమ చెయ్యి గుంజుతది. బట్టలు పిండి పిండి గట్లయిందంటరు..."

"పండుకో మల్లక్కా, ఆయాసపడకు" అన్నాను.

"నిమ్మళంగా చెప్పనీ" అన్నారు సారు. "రాజకుమారీ, రాసుకో. శుక్రవారం కమిటీ ముందు పెట్టేది ఇదే."

కాగితం కనబడలేదు. గ్లౌజుల డబ్బా అట్ట చింపి దాని మీద రాయడం మొదలుపెట్టాను. బండి పెద్దపల్లి దాటింది. అట్ట నిండిపోయింది. మల్లక్క చెప్పే పేర్లు ఇంకా క్వార్టర్ల మొదటి లైను దాటలేదు.