లేరు అన్నాను

ఇల్లు అమ్మడం మాకదే మొదటిసారి. అందుకని బ్రోకరు ముందుగానే నాకు పాఠం చెప్పాడు. ఎందుకు అమ్ముతున్నారని అడిగితే నవ్వి ఊరుకోవాలట. తొందరలో ఉన్నామని పొరపాటున కూడా బయటపడకూడదట. నా నోట్లో నువ్వుగింజ నానదని రెండు రోజుల్లోనే కనిపెట్టాడు మహానుభావుడు. చివరి పాఠం మాత్రం గుమ్మం బయటికి పిలిచి చెప్పాడు.

"బావగారు కనబడకూడదక్కా. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, ఇంట్లో నడవలేని మనిషి. చూడగానే వాళ్ళకి మెట్లు గుర్తొస్తాయి. బేరం అక్కడే పోతుంది."

"మనిషిని ఎక్కడ దాచమంటావు, అటక మీదా?" అన్నాను.

"వెనక గదిలో. ఒక్క అరగంట."

చెంప పగలగొట్టాల్సింది. సరేనన్నాను. మాకు మిగిలింది ఆ ఒక్క మధ్యాహ్నమే మరి.

మా ఆయన ఎలక్ట్రీషియను. నిచ్చెన మీంచి పడి తుంటి విరిగి ఏడు నెలలైంది. ఆస్పత్రి నుంచి నలుగురు కుర్చీలో మోసుకొచ్చి పైన దించారు. అంతే, మళ్ళీ కిందికి దిగలేదు. పక్క వీధిలో రిటైరైన మాస్టారొకాయన ఇల్లు అమ్ముతున్నారు. గడప దాటితే వీధే. అక్కడైతే మా ఆయన కర్ర పట్టుకుని తనంతట తాను బయటికి వెళ్ళగలడు. మాస్టారు మాకోసం రెండు వారాలు ఆగారు. ఆ రోజు సాయంత్రం ఐదింటిలోగా మా బేరం ఖాయమైందని చెప్పకపోతే ఇంకొకళ్ళకి మాట ఇచ్చేస్తానన్నారు. ఆయన మాత్రం ఎన్నాళ్ళని ఆగుతారు?

దాక్కోవాలని మా ఆయనకి చెప్పాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక గదిలో మంచం మీద కూర్చుని, "తలుపు వెయ్యి" అన్నాడు. వేశాను.

కొనడానికి వచ్చినావిడ నర్సు. నలభై ఏళ్ళుంటాయి. మూడంతస్తులు ఎక్కొచ్చినా ఆయాసం లేదు. కుళాయిలన్నీ తిప్పింది. సింకు కింద చెయ్యి పెట్టి తడి చూసింది. స్విచ్చులు నొక్కి, "వైరింగు ఎవరు చేశారో గానీ బాగా చేశారు" అంది. మా ఆయనేనండీ అని నాలుక చివరిదాకా వచ్చింది. బ్రోకరు దగ్గాడు. మింగేశాను.

"మీ వారు?" అంది.

"లేరు" అన్నాను. ఇంట్లో లేరు అనబోయాను. కంగారులో ముందు మాట ఎగిరిపోయింది.

ఆవిడ మొహం మారింది. "అయ్యో. ఎన్నాళ్ళయింది?"

"ఏడు నెలలు."

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. నేనేం చెప్పానో అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. దిద్దుకుందామని నోరు తెరిచేలోపే బ్రోకరు అందుకున్నాడు.

"పాపం, ఒంటరి మనిషండీ. అందుకే అమ్మేస్తున్నారు."

"ఇలాంటి ఇంటికి బేరమాడడానికి నాకు నోరు రాదు" అందావిడ. "మీరు చెప్పిన ధరకే తీసుకుంటాను."

గోడ గడియారంలో నాలుగుంపావు. మౌనం అర్ధాంగీకారం అంటారు. నాది పూర్తి అంగీకారమే. ఇల్లు ఆయన పేరు మీదే ఉంది, రేపు సంతకానికి ఆయన్ని ఎక్కణ్ణుంచి లేపుకొస్తాను అన్న ఆలోచన కూడా రాలేదు. మాస్టారికి ఫోన్ చెయ్యాలి, బుర్రలో అదొక్కటే.

"ఆ గది చూడలేదు" అంది ఆవిడ, మూసిన తలుపు చూపిస్తూ.

"అందులో ఏం లేదండీ. పాత సామాను."

రెండో మాట మొదటిదాన్ని మించిపోయింది. ఆ తలుపు చెక్క పల్చటిది. హాల్లో గుసగుసలాడినా లోపలికి వినబడుతుంది.

"సామానే కదా. గోడలు చూస్తాను. చూడని గదికి డబ్బెలా ఇస్తాను?"

"తాళంచెవి కనబడట్లేదండీ. వెతికించి రేపు చూపిస్తాను" అన్నాడు బ్రోకరు.

ఆవిడ చూపులో జాలి పోయి అనుమానం వచ్చింది. నేను ఆవిణ్ణి పట్టించుకోలేదు. నా ధ్యాసంతా తలుపు మీదే ఉంది. మంచాన పడ్డప్పట్నుంచి మా ఆయనకి పడుకున్నా కూర్చున్నా ఐదు నిమిషాలకోసారి దగ్గొస్తుంది. కాస్త కదిలితే మంచం కిర్రుమంటుంది. ఇరవై నిమిషాలుగా దగ్గూ లేదు, కిర్రూ లేదు. నా మాట నిజమైపోయిందేమో అనిపించింది. ఆ క్షణంలో పడ్డ భయం ఆయన నిచ్చెన మీంచి పడ్డ రోజు కూడా పడలేదు. బేరం మట్టిగొట్టుకుపోతే పోనీ అని తలుపు తోసేశాను.

మంచం అంచున కూర్చుని ఉన్నాడు. దగ్గు వినబడకుండా తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. మమ్మల్ని చూసి తువ్వాలు తీసి, దగ్గి దగ్గి, ఊపిరి అందాక అన్నాడు.

"రండి. పాత సామాను నేనేనండీ."

నర్సు నా వైపు తిరిగింది. "బతికున్న మనిషిని పోయాడని చెప్తారా? ఇల్లు అమ్ముకోవడానికా?"

"ఇంట్లో లేరు అనబోయానండీ. మీరు అలా అనుకున్నాక దిద్దలేదు. తప్పు నాదే."

మెట్లు, మాస్టారు, ఐదు గంటల గడువు, ఏదీ దాచకుండా చెప్పేశాను. బ్రోకరు తల పట్టుకున్నాడు.

ఆవిడ చెప్పులేసుకుని వెళ్ళిపోతుందనుకున్నాను. కుర్చీ లాక్కుని మంచానికి ఎదురుగా కూర్చుంది.

"లేని మనిషి ఇంటికి బేరమాడనన్నాను. మీరు ఉన్నారు కాబట్టి ఆడతాను" అంది మా ఆయనతో. "ఇంకా ఏమేం దాచారో కూడా మీరే చెప్పండి."

ఆయన చెప్పాడు. వానాకాలంలో వంటింటి మూల చెమ్మ దిగుతుందని, మేడ మీది ట్యాంకు మోటారు పాతబడిందని. ఒక్కో లోపానికీ బ్రోకరు ఒక్కో మూలుగు మూలిగాడు. ఆవిడ ధర దించింది. మా ఆయన "కుదరదండీ" అన్నాడు. కాస్త పెంచింది. మళ్ళీ కుదరదన్నాడు. ఐదింటికి పది నిమిషాలుంది. ఒప్పుకోండి మహాప్రభో అని లోపల్లోపలే ఆయన కాళ్ళు పట్టుకుంటున్నాను. పైకి అనబుద్ధి కాలేదు. ఈ ఇంటి సంగతి ఏడు నెలలుగా ఆయన్ని ఎవరూ అడగలేదు, నాతో సహా. ఆ గొంతు అలా లేచి వినబడి ఎన్నాళ్ళైందో.

ఐదింటికి మూడు నిమిషాలుందనగా కుదిరింది. మేం చెప్పిన ధర కాదు గానీ, మాస్టారి ఇంటికి సరిపోతుంది. ఫోన్ చేశాను. ఆయన "శుభం" అన్నారు.

అందరూ వెళ్ళాక నీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చాను. తాగి, గ్లాసు చేతిలోనే పెట్టుకుని అన్నాడు.

"ఎన్నాళ్ళయిందని ఆవిడ అడిగితే, ఠక్కున ఏడు నెలలన్నావు."

"నోటికొచ్చింది చెప్పానండీ."

"ఊరికే రాలేదులే. నేనూ ఆ పడ్డ రోజు నుంచే లెక్కపెట్టుకుంటున్నాను."

క్షమించమని అడిగే అలవాటు మా ఇద్దరికీ లేదు. ఎంత గొడవపడినా అన్నం వడ్డిస్తే రాజీ అయినట్టే. ఆ సాయంత్రం మాత్రం ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, "తప్పయిపోయింది, క్షమించండి" అన్నాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఆయన పర్లేదని అనలేదు. మంచం మీద కొంచెం జరిగి నాకు చోటిచ్చాడు.