కాగితం మీద అమ్మ

ఆ మాట ముందుగా అన్నది చిన్నకోడలే. అందుకే తరువాత ఎవరి మీదా నెపం వేయడానికి ఆమెకు వీలు లేకపోయింది.

అయిదేళ్ళలోపు బిడ్డ ఉన్న ప్రతి తల్లికీ ప్రభుత్వం నెలనెలా ఖాతాలో డబ్బు వేస్తుందని ఆమెకు తాను పనిచేసే మిరపకాయల షెడ్డులో తెలిసింది. తల్లికి ఒక్క బిడ్డకే ఇస్తారు. తనకు ఇద్దరు. మూడున్నరేళ్ళ కూతురు బుడ్డి, పాలు తాగే చంటివాడు. చంటివాడి పేరు రాయిస్తే ఎక్కువ కాలం వస్తుంది కనుక వాడిదే రాయించాలి. మరి బుడ్డి మాటేమిటి? పెద్దకోడలికి పెళ్ళయి పదకొండేళ్ళయినా పిల్లలు లేరు. బుడ్డి ఇంట్లోనే పుట్టింది. పుట్టిన కాగితం ఇంకా తీసుకోలేదు.

"బుడ్డిని నీ కూతురని రాయించేద్దాం అక్కా," అంది ఆ సాయంత్రం.

పెద్దకోడలు చేటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగింది. "నీకేమన్నా మతి పోయిందా? పిల్లని తారుమారు చేస్తామా?"

"కాగితం మీదేగా. కడుపు మీద కాదుగా."

గోడకు జారబడి కూర్చున్న బావగారు నవ్వాడు. "మన కొంపలో తినేవాళ్ళెక్కువ, తెచ్చేవాళ్ళు తక్కువ. పోనీలే, ఈ బుడ్డిదన్నా సంపాదనపరురాలైతే నేను హాయిగా కాళ్ళు చాపుకుంటా."

"ఇప్పుడు ముడుచుకున్నావా ఏంటి?" అంది పెద్దకోడలు. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే నిర్ణయం అయిపోయింది.

కాగితం వచ్చింది. తల్లి పేరు దగ్గర పెద్దకోడలి పేరు ఉంది. అంతటితో సరిపోయేదే. కానీ షెడ్డులో ఇంకో కబురు తెలిసింది. పొరుగూళ్ళో ఒకావిడ అక్క కొడుకుని తన కొడుకని రాయించిందట. చెప్పాపెట్టకుండా ట్యాబు పట్టుకుని తనిఖీ మనిషి వచ్చేసరికి ఆ పిల్లాడు ఏడుస్తూ పోయి అసలు తల్లి కాళ్ళు చుట్టేసుకున్నాడట. ఇద్దరి పేర్లూ కొట్టేశారు.

"ఎప్పుడొస్తారో తెలీదంటే, ఎప్పుడూ అలాగే ఉండాలన్నమాట," అన్నాడు చిన్నకోడలి భర్త.

వేరు కాపురంలా కనబడాలని మర్నాడే పెద్దకోడలి గదిలో రెండో పొయ్యి పెట్టారు. బుడ్డి గిన్నె, గ్లాసు, చిన్న దుప్పటి ఆ గదిలోకి వెళ్ళాయి. మధ్యలో ఉన్నది ఒక్క గోడే. చిన్నకోడలు వాటిని స్వయంగా తీసుకెళ్ళి సర్ది వచ్చింది.

తరువాత ఆట మొదలైంది.

"మీ అమ్మ ఎవరు?" అని అడిగేవారు. మొదట్లో బుడ్డి, ఇంత పెద్దవాళ్ళకు ఇది కూడా తెలియదా అన్నట్టు నవ్వి కన్నతల్లిని చూపించేది. "కాదూ!" అనేవారందరూ. పెద్దకోడలిని చూపిస్తే చప్పట్లు కొట్టేవారు. చప్పట్లంటే బుడ్డికి భలే ఇష్టం. వారం తిరగకుండా నేర్చేసుకుంది.

"ఇది చాలదు," అంది చిన్నకోడలు. "వాళ్ళు బుజ్జగించి అడుగుతారు. ఎదురు ప్రశ్న వేస్తారు."

ఆ ఎదురు ప్రశ్న తనే వేసింది. పిల్లను దగ్గరకు తీసుకుని, గొంతులో ఉన్న ప్రేమంతా పోసి, "నిజం చెప్పు తల్లీ, నేనే కదూ మీ అమ్మని?" అని అడిగింది. మొదటిసారి బుడ్డి మెడ చుట్టూ చేతులు వేసి "ఊఁ" అంది. రెండోసారి అటూ ఇటూ చూసింది. మూడోసారి చూపుడువేలు ఆడిస్తూ, "కాదు, నువ్వు పిన్నివి!" అంది. ఇల్లు చప్పట్లతో దద్దరిల్లింది. అందరికంటే గట్టిగా కొట్టింది చిన్నకోడలే.

డబ్బు పడింది. ఆ నెలా, పై నెలా, తప్పకుండా పడింది. నూకల గంజి మానేశారు. పిల్లలకు పాలు వచ్చాయి, రోజు విడిచి రోజు గుడ్డు వచ్చింది. చంటివాడి బుగ్గలు నిండాయి. నడిస్తే రెండు పుల్లలు ఊగినట్టుండే బుడ్డి కాళ్ళు గట్టిపడి, వాకిట్లో పరుగులు తీసింది. వంటింటి మీద తుప్పు పట్టిన రేకు మార్చారు. మందులు సరిగ్గా వాడేసరికి పెద్దకోడలి దగ్గు తగ్గింది. ఆ డబ్బు చెడ్డదని అనడానికి చిన్నకోడలికి ఎప్పుడూ నోరు రాలేదు. చెడ్డదైతే ఎంత బావుండేది!

ఆమె మాత్రం షెడ్డుకు వెళ్తూనే ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గోనెపట్టా మీద కూర్చుని ఎండు మిరపకాయలకు తొడిమలు తీయడం. ఎన్నిసార్లు కడిగినా చేతులు మండుతూనే ఉండేవి. చంటివాడికి పాలివ్వాలన్నా వాణ్ణి పెద్దకోడలే పట్టుకునేది, తల్లి వేళ్ళు వాడి మొహానికి తగలకుండా.

ఒక సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి బుడ్డి పరుగెత్తుతూ గడప తట్టుకుని పడింది. మోకాలు చీరుకుపోయింది. చిన్నకోడలు చేతులు చాచింది. బుడ్డి ఏడుస్తూనే ఆ చేతుల పక్కనుంచి వెళ్ళిపోయింది.

"పిన్నీ, నువ్వు ముట్టుకోకు. మంట," అని లోపల్నుంచి అరిచి, "అమ్మా!" అని పెద్దకోడలి పొట్టలో మొహం దాచుకుంది.

ఇంట్లో బయటివాళ్ళెవరూ లేరు.

"విన్నావా?" అంది భర్తతో. "ఎవరూ లేనప్పుడు కూడా అలాగే అంటోంది."

"అదే మంచిది. తనిఖీ అయ్యేదాకా ఓపిక పట్టు. చిన్నపిల్ల, ఎంతసేపట్లో మర్చిపోతుంది?"

ఎంతసేపట్లో మర్చిపోతుందో ఆమెకు అప్పటికే తెలిసిపోయింది.

డబ్బు పడటం మొదలైన తొమ్మిదో నెలలో తనిఖీకి ట్యాబు అమ్మాయి వచ్చింది. ఆ రోజు షెడ్డుకు సెలవు. ఆ అమ్మాయి రెండు పొయ్యిలూ చూసింది, ఫొటోలు తీసుకుంది, చంటివాణ్ణి ఎత్తి బరువు చూసింది. వెళ్ళబోతూ వంగి బుడ్డి గడ్డం పట్టుకుంది.

"మీ అమ్మ ఎవరమ్మా?"

బుడ్డి పెద్దకోడలి పక్కకు వెళ్ళి నిలబడింది.

"మరి ఈవిడ?"

"పిన్ని. షెడ్డుకెళ్తుంది. చంటోడి అమ్మ."

"అబ్బో, భలే చలాకీదే! బాగా పెంచారండీ," అంది ఆ అమ్మాయి పెద్దకోడలితో.

పెద్దకోడలు తలెత్తలేదు. "నాదేముందమ్మా. అంతా దాని పిన్ని కష్టమే," అంది.

ఇంకో ఏడాది దాకా తనిఖీ ఉండదని చెప్పి ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. మోటారుసైకిలు చప్పుడు మలుపు తిరిగేదాకా ఎవరూ కదల్లేదు. తరువాత చిన్నకోడలు బుడ్డి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"అయిపోయిందమ్మా. ఇంక ఆట లేదు. నేనే నీకు అమ్మని. నిజంగా నేనే. ఒక్కసారి అమ్మా అను తల్లీ."

బుడ్డి కళ్ళు మెరిశాయి. పిన్ని ఇంత బాగా ఎప్పుడూ అడగలేదు. చూపుడువేలు ఎత్తి, "కాదు, నువ్వు పిన్నివి!" అని చుట్టూ అందరి వంకా చూసింది.

బావగారు అలవాటు కొద్దీ రెండు చప్పట్లు కొట్టి, చేతులు కిందికి దించేసుకున్నాడు.

మర్నాడు పెద్దకోడలు సంచిలో రెండు చీరలు పెట్టుకుంది.

"మా తమ్ముడింటికి పోయొస్తా. పది రోజులు నేను కంటికి కనబడకపోతే అదే సర్దుకుంటుంది."

"నీకు కష్టంగా లేదా అక్కా?"

"అది మాత్రం అడక్కే," అంది పెద్దకోడలు. సంచి మూతి ముడివేసి, విప్పి, మళ్ళీ వేసింది. "పాలల్లో చక్కెర కొంచెమే వెయ్యి. గుడ్డు పచ్చసొన తీసి పెడితేనే తింటుంది." ఆ మాట ఆ పిల్ల కన్నతల్లికే చెబుతున్నానని అప్పుడు గుర్తొచ్చిందేమో, నాలుక్కరుచుకుని గబగబా వెళ్ళిపోయింది.

చిన్నకోడలు పని మానుకుంది. నాలుగు రోజులు చేతులకు మిరపకాయ తగలనివ్వలేదు. బుడ్డికి తల దువ్వింది, స్నానం చేయించింది. బుడ్డి అల్లరి చేయలేదు, ఎదురు చెప్పలేదు. చుట్టాలింటికి వచ్చిన పిల్లలా బుద్ధిగా ఉంది. అన్నం మాత్రం రెండు ముద్దలకు మించి తినలేదు. గడప మీద కూర్చుని దారి వంక చూసేది.

"పిన్నీ, మా అమ్మ ఎప్పుడొస్తుంది?"

"నేనున్నాగా బంగారూ. ఈ గుడ్డు తిను. చూడు, పచ్చసొన తీసేశా."

"అమ్మ వచ్చాక తింటా," అంది బుడ్డి మర్యాదగా.

ఆ మర్యాదకు ఆమె తట్టుకోలేకపోయింది. ఏడ్చినా, కొట్టినా, గీరినా ఎత్తుకుని ఊరుకోబెట్టేది.

అయిదో రోజు పొద్దున్న చంటివాణ్ణి భర్తకు అప్పగించి, బుడ్డికి ఉతికిన గౌను తొడిగింది.

"ఇంకో అయిదు రోజులు చూడరాదూ?" అన్నాడు అతను.

"ఎముకలు తేలుతున్నాయయ్యా దానికి. మళ్ళీ పుల్లల్లా అయిపోతే, ఇంత చేసిందీ ఎందుకు?"

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. బుడ్డి ఆమె పక్కనే, ఒంటికి ఒళ్ళు తగలకుండా, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చుంది.

"పాపకు ఎన్నేళ్ళు?" అన్నాడు కండక్టరు.

"నాలుగు."

"అయితే టికెట్ అక్కర్లేదు. మీ అమ్మాయేనా?" ఊరికే, చిల్లర వెతుక్కుంటూ అడిగాడు.

బుడ్డి తలెత్తి ఆమె నోటి వంక చూసింది. అక్కడ వాళ్ళ ఇంటివాళ్ళు ఎవరూ లేరు. ట్యాబులు లేవు. ఏం చెప్పినా ఎవరి పేరూ ఎవరూ కొట్టేయరు.

"మా అక్క కూతురు," అంది చిన్నకోడలు. "వాళ్ళమ్మ దగ్గరికి తీసుకెళ్తున్నా."

కండక్టరు ముందుకు వెళ్ళిపోయాడు. బుడ్డి కాసేపు అలాగే చూసింది. తరువాత కాళ్ళు సీటు మీదికి ముడుచుకుని, జరిగి, ఆమె ఒళ్ళో తల పెట్టుకుంది. రెండు నిమిషాల్లో నిద్రపోయింది. ఈ అయిదు రోజుల్లో పిల్ల తనంతట తాను ఆమె దగ్గరకు రావడం అదే మొదలు.

ఎండ మొహం మీద పడకుండా చిన్నకోడలు అరచెయ్యి అడ్డం పెట్టి కూర్చుంది. దిగాల్సిన చోటు వచ్చినప్పుడు కండక్టరు రెండుసార్లు కేకేయాల్సి వచ్చింది.