అన్నయ్య పాస్ చేసిన చొక్కాలు

ముందే చెప్తున్నాను, నాకు కోపం ముక్కు మీదుంటుంది. చొక్కాల ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్ళు బట్ట కోసే బల్ల దగ్గర నిలబడినదాన్ని, మెత్తగా మాట్లాడటం నాకెవరూ నేర్పలేదు. ఆ కోపంతోనే ఉద్యోగం మానేశాను, ఆ కోపంతోనే సొంత కంపెనీ పెట్టాను. కానీ ఆఖర్న జరిగినదానికి కోపం కారణం కాదు. తొందర కారణం. ఆ తొందర నాది, ఇంకెవరి మీదా నెట్టను.

మా అన్నయ్య బస్సు డ్రైవరు. ఏడాదిన్నర కిందట ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ బ్రష్షు జారవిడిచాడు. వంగి తీసుకోబోయి పడిపోయాడు. పక్షవాతం. కుడిచెయ్యి పూర్తిగా పోయింది, కుడికాలు ఈడుస్తూ నడుస్తాడు, మాట కాస్త ముద్దగా వస్తుంది. బుర్రకి మాత్రం ఏమీ కాలేదు. ఏం జరుగుతోందో అంతా తెలుస్తూనే ఉంటుంది, అదీ పాపం తన ఖర్మ.

నేను వాళ్ళింట్లోనే ఉంటాను. పెళ్ళి సంగతి అడక్కండి. "చూడ్డానికొచ్చిన వాణ్ణి ఆ చూపుతో నిలువునా కోసేస్తే ఎవడు చేసుకుంటాడు" అంటుంది వదిన. రోజంతా నోరు మూతపడని మనిషి మా వదిన. కానీ పొద్దున్నే అన్నయ్యకి చొక్కా తొడిగేటప్పుడు మాత్రం ఒక్క మాట మాట్లాడేది కాదు. ఆ చెయ్యి చెప్పినట్టు వినదు, భుజం దగ్గర బిగుసుకుంటుంది, చొక్కా చంకలో ఇరుక్కుంటుంది. వదిన లాగుతుంది, సర్దుతుంది, ఒక్కొక్క గుండీ పెడుతుంది. అంతసేపూ అన్నయ్య కళ్ళు మూసుకునే ఉండేవాడు. ఆఖరి గుండీ పెట్టేదాకా తెరిచేవాడు కాదు. తర్వాత మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఎనిమిది నెలలు ఆ గోడనే చూశాడు. మా అన్నయ్య, నిండు బస్సుని ఇరుకు సందులోంచి ఒంటిచేత్తో తిప్పిన మనిషి.

ఒక ఆదివారం నాకు కడుపు మండిపోయి, తన పాత చొక్కా ఒకటి తీసి కుడిచేతిని కాలర్ దగ్గర్నుంచి కఫ్ దాకా నిలువునా కోసేశాను. "ఉన్నవి నాలుగు చొక్కాలు, దాన్నీ తగలెయ్" అంది వదిన. కోసిన చోట అంటుకునే పట్టీ వేశాను. గుండీలు పీకేసి మ్యాగ్నెట్లు పెట్టాను. ఎడమచేత్తో పట్టుకుని లాగడానికి వీలుగా చిన్న నాడాలు కుట్టాను. మంచం మీద పరిచి, దాని మీద ఆ పడిపోయిన చెయ్యి పెట్టుకుని, రెండో చేత్తో మూసుకుంటూ రావాలి, అంతే.

అన్నయ్య తలుపేసుకున్నాడు. నేనూ వదినా బయట నిలబడ్డాం. పదకొండు నిమిషాలు పట్టింది. తలుపు తెరుచుకుని వచ్చాడు, కాలర్ ఒకవైపు ముడుచుకుపోయి ఉంది. మంచం వైపు వెళ్ళలేదు. వచ్చి కుర్చీలో కూర్చుని, "టీ ఉందా" అన్నాడు. వదిన వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

వారం తిరక్కుండా రాజీనామా ఇచ్చాను. "చేతులు పడిపోయినవాళ్ళకి చొక్కాలా? కొనేదెవరమ్మా?" అన్నాడు మేనేజరు. "మీ ఇంట్లో అవసరం పడకూడదని దణ్ణం పెట్టుకోండి సార్" అని వచ్చేశాను. అలా అనకుండా ఉండాల్సింది. అన్నాను, ఏం చేస్తాం.

ముందుగది మా కంపెనీ. భోజనాల బల్ల కోతబల్ల అయింది. కోత నాది, కుట్టు వదినది. మొదటి చొక్కా తయారవగానే అన్నయ్య చెయ్యి చాపాడు.

"ఇలా తే."

లోపలికి తీసుకెళ్ళి వేసుకున్నాడు, విప్పాడు, తెచ్చి బల్ల మీద పెట్టాడు. నా చాక్ ముక్క తీసుకుని కాలర్ లోపలివైపు ఎడమచేత్తో వంకరగా ఒక టిక్కు పెట్టాడు. "పాస్" అన్నాడు.

ఆ రోజునుంచి మా ఇంట్లో చొక్కా అంటే అన్నయ్య వేసుకుని విప్పాల్సిందే. తను ఒంటరిగా వేసుకోగలిగితే పాస్, లేకపోతే ఫెయిల్. మ్యాగ్నెట్ అర అంగుళం పక్కకి జరిగినా ఒప్పుకునేవాడు కాదు. వదిన తన భర్తకి ఇనస్పెక్టరు గారని పేరు పెట్టింది. ఒకరోజు వరసగా మూడు ఫెయిల్ చేశాడు.

"కాపురం చేసినన్నాళ్ళూ నా వంటకి వంకలు పెట్టారు, ఇప్పుడు కుట్టుకి కూడానా?" అంది వదిన.

"వంటకి చాక్ ముక్క లేకపోయింది. ఉంటే తెలిసేది" అన్నాడు అన్నయ్య.

ఎన్ని నెలలైందో ఆ ఇంట్లో నవ్వు వినపడి. గడ్డం తనే గీసుకోవడం మొదలుపెట్టాడు, ఎడమచేత్తో, అక్కడక్కడా తెగ్గోసుకుంటూ. తొమ్మిదింటికల్లా వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. నేను ఆలస్యంగా లేస్తే, "ఏమే కత్తెరా, కంపెనీ నీ అత్తగారిదా?" అని అరిచేవాడు. చిన్నప్పటినుంచీ నన్ను కత్తెర అనే పిలుస్తాడు, నా నోటికి పెట్టిన పేరది, తర్వాత పనికీ సరిపోయింది. నాకు కంపెనీ అంటే ఇదే: తొమ్మిదింటికల్లా అన్నయ్య ఆ కుర్చీలో ఉండటం. పేరూ వద్దు, పెద్ద షాపూ వద్దు. ఆ కుర్చీ ఖాళీ కాకుండా ఉంటే నాకు చాలు.

తిరగ్గా తిరగ్గా ఒక ఆసుపత్రిలో ఈ జబ్బువాళ్ళ వార్డు చూసే పెద్ద సిస్టరు మా మాట విన్నది. అన్నయ్య ఆవిడ ముందే చొక్కా వేసుకుని చూపించాడు, అప్పటికి నాలుగు నిమిషాల్లో వేసుకునేవాడు. అరవై తెమ్మంది. వార్డులో వాడి చూస్తామని, బాగుంటే నెలనెలా తీసుకుంటామని చెప్పింది.

అరవైనీ అన్నయ్య వేసుకుని విప్పాడు. తొమ్మిది రోజులు పట్టింది. మధ్యాహ్నానికి చెమటతో తడిసిపోయేవాడు. సగం చూస్తే సరిపోతుంది కదా అంటే, "బ్రేకు చూడకుండా బస్సు తీస్తానా?" అనేవాడు. అరవై కాలర్లలోనూ అరవై వంకర టిక్కులు.

ఇచ్చిన నాలుగో రోజు ఆసుపత్రినుంచి కబురొచ్చింది, ఒకసారి వచ్చి వెళ్ళమని. నెలవారీ ఆర్డరే అనుకున్నాం. అన్నయ్య తనూ వస్తానన్నాడు. దగ్గరుండి వాళ్ళకి నేర్పిస్తానన్నాడు. ముగ్గురం వెళ్ళాం.

పెద్ద సిస్టరు మమ్మల్ని కిటికీ పక్క మంచం దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ ఒక పెద్దాయన, రిటైరైన లెక్కల మాస్టారట. మా చొక్కా వేసుకోవడానికి అప్పటికే తంటాలు పడుతున్నాడు. అన్నయ్య ఉత్సాహంగా ముందుకెళ్ళి, "అలా కాదు మాస్టారూ, ముందు పడిపోయిన చెయ్యి పెట్టండి" అన్నాడు.

"అదే పెడుతున్నాను బాబూ. పట్టడం లేదు."

చూశాను. ఆయనకి పడిపోయింది ఎడమచెయ్యి. మా చొక్కాలో విచ్చుకునేది కుడిచెయ్యి. నాడాలన్నీ ఎడమచేతికి అందేలా ఉన్నాయి. ఆయన ఎడమచెయ్యి, మూసి ఉన్న ఆ గొట్టంలో మోచేతి దాకా దూరి ఇరుక్కుపోయింది. చొక్కా తల మీదకొచ్చి ముఖం కప్పేసింది. అన్నయ్య తన ఒక్క చేత్తో దాన్ని లాగబోయాడు, ఇంకా బిగుసుకుంది. చివరికి సిస్టరు వచ్చి విప్పింది. మాస్టారు జుట్టు సర్దుకుని, కోపం లేకుండానే, "ఎవరి కొలతకి కుట్టారు బాబూ ఇది?" అని అడిగాడు.

తల తీసేసినట్టయింది నాకు. పంతొమ్మిదేళ్ళు మగవాళ్ళ చొక్కాలు కోశాను. ఏ చొక్కాకైనా కాజాలు ఒకవైపే, గుండీలు ఒకవైపే, అది మారదు. ఇరవై పొరల బట్ట ఒకేలా పరిచి, పైన ఆకారం గీసిన కాగితం పెట్టి కోసుకుపోవడమే. కాగితం తిరగేయాలన్న ఆలోచన ఆ బల్ల దగ్గర ఎవరికీ రాదు. ఇంటికొచ్చాక ఎదురుగా అన్నయ్య ఉన్నాడు, పాస్ అంటున్నాడు. మా ఇంట్లో జబ్బుకి ఒకటే వైపు. రెండో వైపు ఉంటుందని ముగ్గురిలో ఒక్కరికైనా తట్టలేదు.

"నేనూ చూసుకోలేదులెండి" అంది సిస్టరు, మంచిమనిషి. "వార్డులో సగం మందికి ఎడమవైపే. వీటిలో ముప్ఫై ఉంచుకుంటాను. శుక్రవారంలోగా ముప్ఫై అవతలివైపువి తేగలిగితే పైవాళ్ళతో నేను మాట్లాడతాను."

తిరిగొచ్చిన ముప్ఫై మూట కట్టుకుని ఆటోలో కూర్చున్నాం. అన్నయ్య ఒక చొక్కా తీసి కాలర్ తిప్పి చూసుకున్నాడు. తన టిక్కు చెక్కుచెదరకుండా ఉంది. ఇల్లు చేరేదాకా దాన్ని ఒళ్ళోంచి తీయలేదు. నేను అది పట్టించుకోలేదు. నా బుర్రలో శుక్రవారం తప్ప ఇంకేం లేదు.

కాగితం తిరగేసి కోశాను. వదిన కూర్చున్న చోటునుంచి లేవకుండా కుట్టింది. గురువారం మధ్యాహ్నానికి ముప్ఫై తయారయ్యాయి. అన్నయ్య కుర్చీలోంచి చెయ్యి చాపాడు.

"ఇలా తే."

ఇచ్చాను. వేసుకోవాలని చూశాడు. విచ్చుకునే వైపు తన బాగున్న చెయ్యి వచ్చింది. నాడాలు పట్టుకోవాల్సిన చెయ్యేమో ఒళ్ళో పడి ఉంది. అయినా మానలేదు. పళ్ళతో లాగాడు. గడ్డంతో అదిమాడు. గడియారం చూశాను.

"ఇది నీకు కుదరదులే అన్నయ్యా, ఇలా ఇచ్చెయ్" అని తీసుకున్నాను.

తర్వాత నేను చేసిన పని చెప్తాను, వినండి. బట్టముక్క ఒకటి తీసి, నా ఎడమచేతిని నడుముకి కట్టించుకున్నాను, అదీ వదిన చేత. ముందుగదిలో ఉన్న మంచం అంచున కూర్చున్నాను. అన్నయ్య ఎలా కూర్చుంటాడో అలా, ఒక పక్కకి ఒరిగి. భుజం ఎలా జారవేస్తాడో అలా జారవేశాను. కట్టు కొద్దిగా వదులు చేయించి ఆ చేతిని చచ్చిన చేతిలా పరిచిన బట్ట మీద పెట్టాను. రెండో చేత్తో మూసుకుంటూ వచ్చాను. నెలల తరబడి చూస్తున్నదాన్ని, ప్రతి కదలికా నాకు కంఠతా వచ్చు. మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

"పాస్" అన్నాను. చాక్ ముక్క తీసుకుని కాలర్లో టిక్కు పెట్టాను. చక్కటి టిక్కు.

వదిన మిషను దగ్గర అలాగే నిలబడి నన్ను చూస్తోంది. "దిష్టిబొమ్మలా చూస్తావేంటి వదినా, ఇంకోటి అందుకో, టైము లేదు" అని కసురుకున్నాను. ఒకటి తర్వాత ఒకటి. సాయంత్రానికి ముప్ఫైకి ముప్ఫై అయిపోయాయి. మధ్యలో ఒకసారి కట్టు విప్పుకుని టీ తాగాను. గ్లాసు ఎడమచేత్తోనే పట్టుకున్నాను. తిమ్మిరెక్కిందని ఆ చేతిని రెండుసార్లు విదిలించాను కూడా. అన్నయ్య ఆ చేతినే చూస్తున్నాడు. చూస్తున్నాడని నాకు కనిపించింది. కనిపించీ, గ్లాసు పెట్టేసి మళ్ళీ కట్టించుకున్నాను.

శుక్రవారం ఇచ్చి వచ్చాం. పది రోజులకి కబురొచ్చింది, నెలనెలా నలభై. ఆర్డరు కాగితం మీద సంతకం పెట్టించుకుని పరుగులాంటి నడకతో ఇంటికొచ్చి అన్నయ్య ముందు పెట్టాను. ఎడమచేత్తో తీసుకుని అంతా చదివాడు. "మంచిది" అన్నాడు. మడత పెట్టి నాకే ఇచ్చాడు.

మర్నాడు తొమ్మిదైంది. కుర్చీ ఖాళీ. తొమ్మిదిన్నరైంది. ఒంట్లో బాగోలేదేమోనని గది తలుపు తోశాను. వదిన అన్నయ్యకి చొక్కా తొడుగుతోంది. మామూలు చొక్కా, గుండీలది, డ్రైవరుగా ఉన్నప్పటిది. తను వేసుకోగలిగిన చొక్కా పక్కనే కొక్కేనికి వేలాడుతోంది. ఆ చెయ్యి చంకలో ఇరుక్కుంది. వదిన మాట్లాడటం లేదు. అన్నయ్య కళ్ళు మూసుకుని ఉన్నాడు.

నా చేతిలో చాక్ ముక్క ఉంది. "కుడివైపువి కొత్తవి కోశాను అన్నయ్యా. నువ్వు చూస్తేనే కదా" అన్నాను.

కళ్ళు తెరవలేదు.

"నువ్వే కట్టుకుని చూసుకో కత్తెరా" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే పోట్లాడి ఉండేదాన్ని. "నీకైతే తొందరగా అవుతుంది."

కాళ్ళమీద పడ్డాను. ఏడ్చాను, తిట్టాను, చొక్కాలన్నీ తగలబెడతానన్నాను. తల నిమిరాడు. పనుంది, వెళ్ళు అన్నాడు. గోడవైపు తిరిగాడు.

ఇది జరిగి ఏడు నెలలు. చొక్కాలు బాగా పోతున్నాయి, ఇంకో రెండు ఆసుపత్రులు అడిగాయి. మిషన్లు పెరిగాయి, కుట్టడానికి ఇద్దరు వస్తున్నారు. సొంతంగా నిలబడ్డావని అందరూ మెచ్చుకుంటారు, ఆ మేనేజరు కూడా ఫోన్ చేశాడు. రోజూ పొద్దున ఆ గదిలో వదిన నోరు మూగబోయే సమయం నాకు తెలుస్తుంది. కుర్చీని అక్కణ్ణుంచి తీయనివ్వలేదు. దాని పక్కనే కూర్చుని ఒకరోజు కుడిచెయ్యి, ఒకరోజు ఎడమచెయ్యి కట్టించుకుని చొక్కాలు పాస్ చేస్తాను. సాయంత్రం కాగానే విప్పేసుకుంటాను.