చెయ్యని తప్పు ఒప్పుకోబోయిన సీమోను

కథ చెప్పేవాళ్ళు ఎవరి వైపూ ఉండకూడదంటారు. ముందే ఒప్పుకుంటున్నా, అది నాకు చేతకాదు. ఈ కథలో నేను మొదటి నుంచీ బ్లెస్సీ వైపే. తప్పు ఆమెదీ కొంత ఉంది. అయినా సరే.

బ్లెస్సీ సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఎవరో రాసిన ప్రోగ్రాం ఎక్కడ తన్నేస్తుందో ముందే పట్టుకోవడం ఆమె ఉద్యోగం. పెద్దపల్లిలో ఇంటి నుంచే పని చేస్తుంది. వాళ్ళ నాన్న సీమోను ఊరి బయట కరుణాకర్ సేటు రైసుమిల్లులో బాయిలర్ చూసుకుంటాడు. మిల్లు స్టోర్‌రూంలోంచి కొత్త మోటారు మాయమైంది. తాళంచెవి సీమోను దగ్గర ఉండేది. ఇంకేం కావాలి, సేటు ఆయన మీదే ఫిర్యాదు ఇచ్చాడు. పోలీసులు ఇంటికొచ్చి, మర్నాడు స్టేషన్‌కు రావాలని నోటీసు చేతిలో పెట్టి వెళ్ళారు.

సీమోనుకు ముద్ద దిగలేదు. బ్లెస్సీ ఫోన్‌లో అదీ ఇదీ చదివి ధైర్యం చెప్పింది.

"ఫికర్ చెయ్యకు బాపూ. పిలిచినప్పుడు పోతే ఊకెనే అరెస్టు చెయ్యరు. వకీలును పెట్టుకునే హక్కు నీకున్నది. పోలీసోళ్ళు బెదిరిచ్చి ఒప్పిచ్చినా గది కోర్టుల చెల్లది."

"ఒప్పుకున్నా చెల్లదా?" అన్నాడు సీమోను.

"చెల్లది."

ఆ మాట ఆయన మనసులో ఎక్కడ పడి మొలకెత్తిందో బ్లెస్సీ చూసుకోలేదు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. మధ్యాహ్నం తీరిక దొరికాక, ఉచిత న్యాయసహాయం కింద దొరికిన కరీంనగర్ వకీలు ముబీనాకు ఫోన్ చేసింది.

"మీ బాపు ఏడున్నడు?" అని అడిగింది ముబీనా.

"ఎబినేజర్ పెద్దబాపు సేటు తానికి తోల్కపోయిండు మేడం. మా చర్చి పెద్ద ఆయన. నలుగురి ముందట తప్పైందంటే సేటు కేసు వాపస్ తీసుకుంటడట."

"మీ బాపు మోటారు తీసిండా?"

"లే మేడం! మా బాపు మంది చెప్పులు గూడ తొక్కడు. గని ఒప్పుకున్నా చెల్లది గద, అని నేను..."

అవతల కోర్టు ఆవరణలో ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్న కేక వినిపిస్తోంది. ముబీనా ఆమె మాట మధ్యలోనే అందుకుంది.

"బ్లెస్సీ, పోలీసుకు ఒప్పుకుంటే చెల్లది. సేటు పోలీసా? సేటుకు ఒప్పుకుంటే, అక్కడ కూసున్నోళ్ళే రేపు కోర్టుల సాక్షులైతరు. ఇగ ఫిర్యాదు ఇచ్చినంక కేసు వాపస్ తీసుకునుడు సేటు ఒక్కని చేతుల ఉండదు. జర జల్ది పో. నోరు తెరవొద్దని చెప్పు."

బాపు ఫోన్ స్విచాఫ్. పెద్దమనుషుల ముందు కూర్చుంటే ఆయన ఫోన్ బంద్ పెడతాడు, ప్రార్థనలో పెట్టినట్టే.

బ్లెస్సీ స్కూటీ తీసింది. హెల్మెట్ క్లిప్పు ఎంతకీ పడకపోతే అలాగే బయల్దేరింది. ఊళ్ళోవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో బొక్కలన్నీ వెతుకుతావు, నీ సలహాలో ఉన్న బొక్క కనపడలేదా అని తనను తానే తిట్టుకుంది.

బాపును తిట్టడానికి మనసు రాలేదు. వాళ్ళ చర్చిలో ఒక పద్ధతి ఉంది. ప్రభురాత్రి భోజనం ఇచ్చే ఆదివారానికి ముందు, తగాదా పడ్డవాళ్ళు పెద్దల ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటారు. ఎబినేజర్ తల మీద చెయ్యి పెడతాడు. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తరు. అక్కడ సీమోను ఎప్పుడూ ముందుంటాడు. గొడవ తెగిపోతుందంటే అవతలివాడి తప్పు కూడా తన నెత్తినే వేసుకుంటాడు. సేటు ముందు కూడా అంతే అనుకున్నాడు, పాపం. ఒప్పుకోవడం, తల మీద చెయ్యి, అయిపోవడం.

మిల్లులో వడ్లు ఆడుతున్న మోతకు ఆమె కేక ఆమెకే వినపడలేదు. ఆఫీసు గదిలోకి ఒక్క ఉరుకున వెళ్ళింది. సేటు కుర్చీలో ఉన్నాడు. పక్కన ఎబినేజర్, ఇద్దరు హమాలీలు. సూపర్‌వైజర్ గోడకు ఆనుకుని ఫోన్ నిలువుగా పట్టుకున్నాడు. సీమోను భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకుని, అప్పుడే గొంతు సవరించుకుంటున్నాడు.

"సేటూ, నాదే..."

"బాపూ! ఆగు!"

ఎబినేజర్ ముఖం మాడ్చాడు. "పెద్దోళ్ళు మాట్లాడంగ నడిమిట్ల నీ లొల్లేంది పిల్లా? ఆన్‌లైన్ల చదివి వచ్చినవా?"

"అవును పెద్దబాపూ, సగమే చదివిన. గందుకే గీ కష్టం."

సేటు నవ్వాడు. "ఒక్క మాట చెప్తే అయిపోతది బిడ్డా. మీ బాపునేమన్న ఉరిదీస్తనా?"

"అయిపోతదా? మరి గాయన వీడియో ఎందుకు తీస్తుండు సేటూ?"

అందరూ సూపర్‌వైజర్ వైపు తిరిగారు. అతను ఫోన్ దించలేదు. అప్పుడు ఎబినేజర్ కూడా దాన్ని చూశాడు. తల మీద చెయ్యి పెట్టే చోట ఎవరూ వీడియో తీయరని ఆయనకు తెలుసు.

సీమోను తువ్వాల నలుపుతూ బిడ్డ వైపు చూశాడు. "చెల్లదంటివి గదనే?"

"తప్పు చెప్పిన బాపూ. ఈడ చెల్లుతది. నువ్వు తీసినవా?"

"తియ్యలే."

"తీసినన్నవనుకో, తీసినోడు నిమ్మలంగ తిరుగుతడు, నువ్వు బోనెక్కుతవు."

మిల్లు మోత ఆగలేదు. సీమోను తువ్వాలను మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు. సేటు ముందు ఎప్పుడూ నేల చూసే మనిషి, ఆ ఫోన్ కేసి నేరుగా చూశాడు.

"సేటూ, మోటారు నేను తియ్యలే. కడమ ముచ్చట మా వకీలమ్మ ముందట చెప్త. ఇదైతే మంచిగ రికార్డు చేసుకో."

సేటు నవ్వు ఆగిపోయింది. ఎబినేజర్ లేచి సీమోను వెనకే బయటికి నడిచాడు.

మర్నాడు స్టేషన్‌లో ముబీనా పక్కన కూర్చుని సీమోను అదే మాట చెప్పాడు. సాయంత్రానికి ఇంటికి పంపారు. కేసు ఇంకా నడుస్తోంది, మోటారు ఇంకా దొరకలేదు. సీమోను ఇప్పటికీ రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తుంటాడు. కానీ ఆయన చెయ్యనిది చేశానన్న సాక్ష్యం మాత్రం ఎవరి ఫోన్‌లోనూ లేదు.

మీ ఇంట్లోనూ గొడవ తెగిపోతుందని చెయ్యని తప్పు నెత్తినేసుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. నిజంగా తెగిందా, మెడకు చుట్టుకుందా? రాయండి. బ్లెస్సీ కూడా చదువుతుంది, ఈసారి పూర్తిగా.