పన్ను పోగొట్టిన తమ్ముడు

కోవిల్‌పట్టిలో వేరుసెనగ మిఠాయి చేసే సుబ్బురాజ్ మాట చుట్టాల్లో ఒక్కరూ నమ్మరు. చెల్లెలి కూతురు సంగవిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెవులు కుట్టించిన రోజున, మిఠాయి కాగితంలో గులకరాయి చుట్టి అక్క పొన్నుత్తాయి చేతిలో పెట్టాడు. అక్కకు పన్ను ఊడింది. అది ఊరంతా చెప్పుకుని నవ్వినవాడూ అతనే.

నాలుగేళ్ళ సంగవికి మొన్న మూత్రపిండంలో కేన్సర్ గడ్డ తీశారు. తర్వాత రక్తం పరీక్షిస్తే జన్యువులో ఏదో తేడా కనబడింది.

"ఇది చెడ్డదో కాదో చెప్పలేను," అంది డాక్టరమ్మ. "మేం సరిచూసుకునే పట్టికల్లో ఎక్కువమంది తెల్లవాళ్ళే. మీవంటివాళ్ళు లేరు. మీ ఇంట్లో గట్టిగా ఉన్న పెద్దవాళ్ళలోనూ ఇదే ఉంటే కొంత భయం తగ్గుతుంది. అంతవరకు రెండో మూత్రపిండానికీ ముప్పుందనే చూడాలి."

సంగవి తల్లి మారీశ్వరిలో ఆ తేడా ఉంది, కానీ ఆమె ఒక్కతే చాలదన్నారు. సుబ్బురాజ్‌లో లేదు. ఇక మిగిలింది విరుదునగర్‌లో ఉన్న అక్క.

ఫోన్లో అక్క పకపకా నవ్వింది. "గడ్డ తీసేసినారు కదరా. నా రత్తం ఎందుకు? పన్ను చాలలేదా?" మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

బస్సెక్కాడు. "ఏం మామా, ఈరోజు వేళాకోళం లేదా?" అన్నాడు కండక్టర్. సుబ్బురాజ్ చిల్లర ఇచ్చి కిటికీ వైపు తిరిగాడు. ముప్పయ్యేళ్ళుగా ఈ దారిలో అందరితో వాగాడు. ఉన్న మాట చెప్పుకోవడానికి ఒక్కరూ లేరు.

అక్క అరుగు మీద మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. "ఏమి తెచ్చినావు? దూరంగా పెట్టు."

అతను ఏమీ తేలేదు. మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి లోటా పక్కన పెట్టాడు. ఎప్పటిలా దాచలేదు, దొర్లించలేదు.

"ఏందిరా, మాట్లాడు."

"మాట్లాడితే నువ్వు నవ్వుతావక్కా."

పొన్నుత్తాయి చేతిలో మిరపకాయ ఆగిపోయింది. తమ్ముడి మొహం చాలాసేపు చూసింది. "విళయాట్టు లేదా? వేళాకోళం కాదా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

ఆమె లోపలికెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. "ఏ చేతిలో తీస్తారు?"

ఇంకో రోజైతే కాలిలో అనేవాడే.

బస్సులో అక్క ముందు ఆడవాళ్ళ సీట్లో, అతను వెనక ఒక్కడే. సాత్తూరు దాటేదాకా ఆమె మూడుసార్లు వెనక్కి తిరిగి చూసింది, వాడు నవ్వుతున్నాడేమోనని. నవ్వితే బాగుండునని.